జాబితా ఎవరిది, బటన్ ఎవరిది? మౌస్ మీద మన ఇఖ్తియార్ తవారీఖ్

కంప్యూటర్ తెర మీద కనిపించే చదరాన్ని ఇంగ్లీషువాళ్లు విండో అన్నారు. తెలుగులో కిటికీ అంటే సరిపోతుంది. ఈ కిటికీ మన ఇళ్లల్లో పలికే ఖిడ్కీకి తోబుట్టువే. అలాగే మెనూ అంటే జాబితా. అదీ పరాయి మాటేం కాదు, మన జాబ్తా తెలుగులోకి వచ్చి స్థిరపడిపోయింది. ఉర్దూలో జాబ్తా అంటే కాయిదా, నియమం. తెలుగులోకి వచ్చేసరికి పట్టీ అయింది. ఈ రెండు మానేలనీ పక్కపక్కన పెట్టుకుంటే ఒక సంగతి అర్థమవుతుంది. పట్టీ ఎవరు రాస్తారో కాయిదా కూడా వాళ్లదే. పట్టీలో లేని పని ఉన్నట్టే మనకి తెలియదు.

తెర మీద ఖాళీ జాగాలో మౌస్ కుడి బటన్ నొక్కండి. ఒక జాబితా వస్తుంది. అది కుడి బటన్‌కే ఎందుకు రావాలి? అందులో ఆ పనులే ఎందుకు ఉండాలి? ఆ జాబితాని మన ఇంటి జరూరత్‌కి తగ్గట్టు మనమే రాసుకోవచ్చా? రాసుకోవచ్చు. ముప్పై ఐదేళ్లకు పైగా జనం రాసుకుంటూనే ఉన్నారు. మధ్యలో ఆ ఇఖ్తియార్ కొన్నిసార్లు చెయ్యి జారింది, కొన్నిసార్లు తిరిగొచ్చింది. ఆ తవారీఖ్ మన ఇళ్లల్లో ఎందుకు తెలియాలో చెప్పడానికే ఈ వ్యాసం.

మూడు బటన్లు, రెండు బటన్లు, ఒక బటన్

మౌస్‌ని ఆలోచించినవాడు డగ్లస్ ఎంగెల్‌బార్ట్. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసేవాడు. 1964లో ఆయన సాథీ బిల్ ఇంగ్లిష్ చెక్కపెట్టెలో రెండు చక్రాలు బిగించి మొదటి నమూనా చేశాడు. 1968 డిసెంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కోలో నిండు సభలో ఎంగెల్‌బార్ట్ దాన్ని వాడి చూపించాడు. అప్పటికి దాని మీద మూడు బటన్లున్నాయి. మూడే ఎందుకు అంటే అంతకంటే ఎక్కువ పట్టలేదు, అంతే. ఇంకో చేతి కింద ఐదు మీటల చిన్న పలక కూడా ఉండేది. రెండు చేతులూ పనిచెయ్యాలి, మెహనత్ చేసి నేర్చుకున్నవాడికి మెషిన్ పూర్తిగా లొంగాలి. అదీ ఆయన ఖయాల్.

1973లో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో ఆల్టో అనే కంప్యూటర్ తయారైంది. దానికీ మూడు బటన్ల మౌసే. దాని మీద నడిచిన స్మాల్‌టాక్‌లో ఆ బటన్లకి రంగుల పేర్లు పెట్టారు: ఎరుపు, పసుపు, నీలం. ఎర్ర బటన్‌తో ఎంచుకోవాలి. పసుపు నొక్కితే రాతకి సంబంధించిన జాబితా, నీలం నొక్కితే కిటికీకి సంబంధించిన జాబితా వచ్చేది. బాణం గుర్తు ఎక్కడుంటే జాబితా అక్కడే తెరుచుకునేది. ఈరోజు మనం కుడి క్లిక్ అని పిలిచే ఆదత్‌కి ఖాన్‌దాన్ అక్కడ మొదలైంది.

ఆ తర్వాత బహస్ మొదలైంది. కొత్తవాళ్లకి మూడు బటన్లు అయోమయం అన్నారు. 1981లో జిరాక్స్ స్టార్ రెండు బటన్లతో వచ్చింది. 1983లో ఆపిల్ లీసా, 1984లో మాకింటోష్ ఒకే ఒక్క బటన్‌తో వచ్చాయి. ఒకే బటన్ ఉండాలని గట్టిగా పట్టుబట్టినవాళ్లలో లారీ టెస్లర్ ఒకడు. తప్పు బటన్ నొక్కుతామనే భయమే ఉండకూడదని ఆయన వాదన. దాంతో జాబితాలన్నీ తెర పై అంచుకి ఎక్కి కూర్చున్నాయి. అక్కడ ఏముండాలో కంపెనీ, ప్రోగ్రాం రాసినవాళ్లు తేలుస్తారు. వాడేవాళ్లు వెతుక్కుని నొక్కుతారు. సహూలత్ ఉన్నమాట నిజం. దానికి బదులుగా ఇఖ్తియార్ కొంచెం ఇచ్చుకున్నారన్నదీ నిజమే.

ఆనకట్ట ఒకటి, బోదెలు వేలు

కథలో పెద్ద మలుపు 1984లో వచ్చింది. ఆ జూన్‌లో అమెరికాలోని ఎంఐటీలో బాబ్ షైఫ్లర్ ఎక్స్ అనే విండో సిస్టం గురించి సాటివాళ్లకి కబురు పెట్టాడు. ఆయనకి తోడు జిమ్ గెటిస్. స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన డబ్ల్యూ అనే దాన్ని మార్చి రాసినది కాబట్టి దానికి తర్వాతి అక్షరం పేరు పెట్టారు. 1987 సెప్టెంబర్‌లో వచ్చిన పదకొండో రూపం, అంటే ఎక్స్ పదకొండు, ఈరోజుకీ ఎన్నో కంప్యూటర్లలో నడుస్తోంది.

ఎక్స్ చేసినవాళ్లు ఒక ఉసూల్ పెట్టుకున్నారు. మేం పని జరిగే ఏర్పాటు మాత్రమే ఇస్తాం, ఆ పని ఎలా జరగాలన్న ఫైసలా మాది కాదు అన్నారు. తెర మీద గీయడం, మౌస్ ఎక్కడికి కదిలిందో, ఏ బటన్ నొక్కారో చెప్పడం వరకే ఎక్స్ బాధ్యత. కిటికీకి చట్రం ఉండాలా వద్దా, దాన్ని ఏ బటన్‌తో జరపాలి, ఖాళీ జాగాలో నొక్కితే ఏ జాబితా రావాలి, ఇవన్నీ ఇంకో ప్రోగ్రాంకి వదిలేశారు. ఆ ప్రోగ్రాం పేరే విండో మేనేజర్. నచ్చకపోతే దాన్ని తీసి ఇంకొకటి పెట్టుకోవచ్చు. కింద ఉన్న ఎక్స్‌కి ఏ ఫరఖ్ పడదు.

గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లకి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852కల్లా పూర్తయింది. ఆనకట్ట సర్కారుది, పెద్ద కాలవలు సర్కారువి, లాకులు సర్కారువి. కానీ చేనులో బోదె ఏ మూల నుంచి తియ్యాలి, గట్టు ఎక్కడ తెంచాలి, ఎక్కడ పూడ్చాలి అన్నది రైతు పార చెబుతుంది. ఆనకట్టే వచ్చి ప్రతి చేనులోనూ బోదె గీస్తానంటే పల్లానికీ మెరకకీ ఒకటే కాయిదా అవుతుంది. ఎక్స్ ఆనకట్ట లాంటిది. విండో మేనేజర్ బోదె లాంటిది. బోదె తవ్వుకునే హక్కు వాడేవాళ్లది.

టామ్ రాసిన మేనేజర్

మొదట్లో ఎక్స్‌తో పాటు వచ్చిన మేనేజర్ యూడబ్ల్యూఎం. దానికి జాబితాలు రాసుకునే ఫైలు అప్పటికే ఉంది. 1987లో టామ్ లాస్ట్రేంజ్ అనే ఆయన ఇవాన్స్ అండ్ సదర్లాండ్ కంపెనీలో పనిచేస్తూ తన కోసం ఇంకో మేనేజర్ రాసుకున్నాడు. దాని పేరు టీడబ్ల్యూఎం, అంటే టామ్ గారి విండో మేనేజర్. 1989లో వచ్చిన ఎక్స్ విడుదలలో యూడబ్ల్యూఎం జాగాలోకి ఇదే వచ్చి కూర్చుంది.

దాని సెట్టింగుల ఫైలు మామూలు రాత ఫైలే. ఇంటి ఫోల్డర్‌లో ఉంటుంది. ఒక్కో వాక్యంలో నాలుగు సంగతులు చెప్పాలి. ఏ బటన్? దానితో పాటు కీబోర్డు మీద ఏ మీట నొక్కి పట్టాలి? బాణం గుర్తు ఎక్కడ ఉన్నప్పుడు, అంటే ఖాళీ నేల మీదా, కిటికీ లోపలా, పై పట్టీ మీదా, చిన్న బొమ్మ మీదా? అప్పుడు ఏం జరగాలి? ఈ నాలుగు జవాబులూ రాస్తే ఒక కాయిదా తయారవుతుంది. ఉదాహరణకి, ఒకటో బటన్, ఏ మీటా లేకుండా, ఖాళీ నేల మీద, ఫలానా జాబితా తెరువు. కింద ఆ జాబితాకి పేరు పెట్టి, అందులో వరసగా పనులు రాసుకోవాలి. ఆ ఖాళీ నేలని వాళ్ల భాషలో రూట్ అంటారు. అందుకే దాని మీద తెరుచుకునే జాబితాకి రూట్ మెనూ అని పేరు.

ఇందులో అసలు హునర్ ఏమిటంటే, ఒకే బటన్ నాలుగు చోట్ల నాలుగు పనులు చేస్తుంది. పై పట్టీ మీద నొక్కితే కిటికీ జరుగుతుంది. నేల మీద నొక్కితే జాబితా వస్తుంది. ఉన్న మూడు బటన్లకే చోటుని, మీటల్ని కలిపి లెక్క వేస్తే డజన్ల కొద్దీ పనులకి దారి దొరుకుతుంది.

1993లో రాబర్ట్ నేషన్ టీడబ్ల్యూఎం కోడు తీసుకుని, మెమరీ తక్కువ తినేలా మార్చి ఎఫ్‌వీడబ్ల్యూఎం చేశాడు. అప్పటి కంప్యూటర్లలో మెమరీ బంగారం లెక్క. అందుకే లైనక్స్ వాడేవాళ్లు దాన్ని చప్పున అందుకున్నారు. 1997లో ఇద్దరు కొత్త దారులు తీశారు. బ్రెజిల్‌కి చెందిన ఆల్ఫ్రెడో కోజిమా విండో మేకర్ తెచ్చాడు. బ్రాడ్ హ్యూస్ బ్లాక్‌బాక్స్ తెచ్చాడు. బ్లాక్‌బాక్స్ ఖాన్‌దాన్‌లోంచే ఫ్లక్స్‌బాక్స్, 2002లో డానా జాన్సెన్స్ మొదలుపెట్టిన ఓపెన్‌బాక్స్ వచ్చాయి. ఓపెన్‌బాక్స్‌లో ఖాళీ నేల మీద కుడి బటన్ నొక్కితే రూట్ జాబితా, నడిమి బటన్ నొక్కితే తెరిచి ఉన్న కిటికీలన్నిటి జాబితా వస్తాయి. ఆల్ట్ మీట పట్టుకుని ఎడమ బటన్‌తో లాగితే కిటికీ ఎక్కడ పట్టుకున్నా జరుగుతుంది. ఇవన్నీ రెండు ఫైళ్లలో రాసి ఉంటాయి. ఒకటి మౌస్, మీటల కాయిదాలది, ఇంకొకటి జాబితాలది. రెండూ మనం తెరిచి దిద్దుకోగలిగినవే.

జాబితా బాణం గుర్తు కిందే తెరుచుకోవడంలో ఫాయిదా ఏమిటి? 1954లో పాల్ ఫిట్స్ అనే మానసిక శాస్త్రవేత్త ఒక సూత్రం చెప్పాడు. చెయ్యి చేరాల్సిన గురి ఎంత దూరమైతే, ఎంత చిన్నదైతే, అంత సమయం పడుతుంది. తెర మూలకి ప్రయాణం చేసి సన్నటి పట్టీ పట్టుకోవడం కన్నా, చెయ్యి ఉన్నచోటే తెరుచుకున్న జాబితా దగ్గర. దాని వరసలు పెద్దవిగా ఉంటే ఇంకా దగ్గర. చేతులు వణికే దాదీకి, నానాకి ఈ సూత్రం పుస్తకంలో సంగతి కాదు. వాళ్లు మనవడికి మెసేజ్ పంపగలరా లేదా అన్నది దాని మీద ఆధారపడి ఉంటుంది.

కాకినాడకి వచ్చిన రెండు బటన్లు

మా కాకినాడకి ఇంజనీరింగ్ చదువు పాతది. 1946లో విశాఖపట్నం పేరుతో మొదలైన ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ ఇక్కడికి వచ్చి స్థిరపడింది. 1972లో జేఎన్‌టీయూలో కలిసింది. 2008లో జేఎన్‌టీయూకే అనే సొంత యూనివర్సిటీ అయింది. దాని సిలబస్‌లో యూనిక్స్, లైనక్స్ పాఠాలున్నాయి. గోదావరి జిల్లాల్లో మన పిల్లలు వేలమంది ఆ పాఠాలు చదివి పాసయ్యారు. కానీ లాబ్‌లో నేర్చుకున్నది నల్ల తెర మీద కమాండ్లు కొట్టడం వరకే. ఆ తెర చుట్టూ ఉన్న చట్రాన్ని కూడా మార్చుకోవచ్చన్నది మార్కుల్లో లేదు కాబట్టి చాలామందికి తెలియలేదు.

ఇంకో రుకావట్ బజారులోనే ఉంది. ఎక్స్, టీడబ్ల్యూఎం రాసినవాళ్ల చేతుల్లో మూడు బటన్ల మౌస్ ఉండేది. మన ఊళ్లల్లో పీసీతో పాటు వచ్చింది రెండు బటన్లది. నడిమి బటన్ లేకపోతే సగం కాయిదాలు పనిచెయ్యవు. ఎక్స్‌లో ఎంచుకున్న రాతని అతికించేది కూడా నడిమి బటనే. దీనికి ఒక తర్కీబ్ ఉంది. రెండు బటన్లూ ఒకేసారి నొక్కితే మూడోది నొక్కినట్టు లెక్క. సెట్టింగుల ఫైలులో ఒక్క వాక్యం రాస్తే చాలు. 1996లో మైక్రోసాఫ్ట్ చక్రం ఉన్న మౌస్ తెచ్చాక చక్రమే నడిమి బటన్ అయింది. చక్రం పైకి తిప్పితే నాలుగో బటన్, కిందకి తిప్పితే ఐదో బటన్ అని ఎక్స్ లెక్క కట్టింది. పాత ఏర్పాటు మారలేదు, కొత్త అంకెలు చేరాయి. ఉసూల్ పక్కాగా ఉంటే ఇదే బర్కత్.

మరోపక్క 1995 ఆగస్టు 24న వచ్చిన విండోస్ 95 కుడి క్లిక్‌ని ప్రపంచమంతా పాకించింది. స్టార్ట్ బటన్, కుడి క్లిక్ జాబితా, రెండూ ఇంటింటి ఆదత్ అయ్యాయి. కాకినాడలో డీటీపీ సెంటర్లు, జిరాక్స్ షాపులు, ఇంటర్నెట్ సెంటర్లు అన్నీ దాని మీదే నడిచాయి. కంప్యూటర్ అంటే ఇలాగే ఉంటుంది, జాబితా అంటే అక్కడే ఉంటుంది అన్న యకీన్ అప్పుడే కుదిరిపోయింది.

కుడి నుంచి ఎడమకి

మనోళ్ల షాదీ రుఖాలు చూడండి. ఒక పక్క ఉర్దూ, ఇంకో పక్క తెలుగు. ఉర్దూ వైపు తయారుచేసే డీటీపీ ఆపరేటర్ ఇన్‌పేజ్ తెరుస్తాడు. ఢిల్లీలోని కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ 1994లో తెచ్చిన ప్రోగ్రాం అది. తెలుగు వైపు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లు. రాత కుడి నుంచి ఎడమకి పోతున్నా జాబితాలు మాత్రం ఇంగ్లీషు వరసలోనే, ఎడమ నుంచి కుడికే. చెయ్యి ఒక దిశలో, కన్ను ఇంకో దిశలో. ఇరవై ఏళ్లు అలా పనిచేసినవాళ్లకి అది తేడాగా కూడా తోచదు.

ఇక్కడ పిఠాపురం ఉమర్ అలీషా గుర్తొస్తారు. 1885లో పుట్టి 1945లో కన్నుమూసిన ఆ కవి, కాకినాడ పక్కనే కూర్చుని తెలుగులో పద్యాలు, నాటకాలు రాశారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలని తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. కుడి నుంచి చదివి ఎడమ నుంచి రాయడం ఆయనకి రోజూ పనే. ఆయన ఖలం రెండు దిశలకీ తిరిగింది. ఖలానికి ఫలానా దిశ అని ఎవరూ కాయిదా పెట్టలేదు. కంప్యూటర్‌కి మాత్రం పెట్టారు.

ఆ కాయిదా మెల్లగా కరిగింది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకీ, ఉర్దూ రాసుకునే అరబీ లిపికీ చోటు దొరికింది. 2002లో జీటీకే రెండో రూపంతో పాటు పాంగో అనే రాత యంత్రాంగం వచ్చింది. పాన్ అంటే గ్రీకులో అన్నీ, గో అంటే జపాన్ భాషలో భాష. పాత టీడబ్ల్యూఎంలో జాబితా వరసలు అక్షరానికి ఒక బొమ్మ చొప్పున పేర్చేవారు. తెలుగు ఒత్తులూ గుణింతాలూ కూర్చే తాఖత్ దానికి లేదు. ఉర్దూ అక్షరాలు చేతులు కలుపుకునే తీరూ దానికి తెలియదు. పాంగో వచ్చాక రెండూ కుదిరాయి. భాష ఉర్దూ అయితే జాబితా కుడివైపు నుంచి మొదలవుతుంది, ఉపజాబితా ఎడమకి తెరుచుకుంటుంది, పక్కపట్టీ ఎడమ అంచుకి జరుగుతుంది. ఓపెన్‌బాక్స్ కూడా పాంగోనే వాడుకుంది. అందుకే దాని రూట్ జాబితాలో తెలుగు పేర్లు చక్కగా రాసుకోవచ్చు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ, గ్నోమ్, కేడీఈ అనువాద బృందాలు తెలుగు మాటలు కూర్చి పెట్టారు. జీతం లేని ఖిద్మత్ అది. వాళ్ల మెహనత్ వల్లే ఈరోజు ఒక తెలుగు ఇల్లు తెలుగు జాబితాతో కంప్యూటర్ తెరవగలదు.

కిటికీ మూసే గుర్తు ఏ పక్కన ఉండాలన్నది కూడా ఇలాంటి మసలానే. 2010లో ఉబుంటు 10.04 ఆ గుర్తుల్ని కుడి నుంచి ఎడమకి జరిపింది. పెద్ద రభస జరిగింది. డిజైన్ సంగతులు ఓటింగ్‌తో తేలవని మార్క్ షటిల్‌వర్త్ చెప్పేశాడు. 2017 అక్టోబర్‌లో వచ్చిన కూర్పులో అవి మళ్లీ కుడికే వచ్చాయి. ఓపెన్‌బాక్స్‌లో అయితే ఇది ఐదారు అక్షరాల సంగతి. మూసే గుర్తుకి ఒక అక్షరం, పెద్దది చేసేదానికి ఒకటి, దాచేదానికి ఒకటి. ఆ అక్షరాల వరస మారిస్తే తెర మీద వరస మారుతుంది. ఎవరి ఇజాజతూ అక్కర్లేదు.

మౌస్ ఎవరి చేతిలో ఉంది

బటన్లు సరే, మౌస్ పట్టుకునే చెయ్యి ఎవరిది? 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాకి చెందిన ఉదయ్ సింగ్ పవార్, జోయొజీత్ పాల్, కెంటారో తొయామా ఈ సవాల్ మీద పనిచేశారు. మన దేశంలో పల్లె బడుల్లో ఒక కంప్యూటర్ ముందు చాలామంది పిల్లలు కూర్చుంటారు. మౌస్ ఒక్కరి చేతిలో ఉంటుంది. మిగతావాళ్లు తమాషా చూస్తారు. అందుకని ఒకే కంప్యూటర్‌కి చాలా మౌస్‌లు తగిలించి, ఒక్కో పిల్లకీ పిల్లవాడికీ ఒక్కో రంగు బాణం ఇచ్చారు. వెనక కూర్చునేవాళ్లూ ముందుకొచ్చారు. ఎక్స్‌లోనూ పీటర్ హట్టరర్ ఇదే దారిలో పనిచేశాడు. 2009లో వచ్చిన ఎక్స్ సర్వర్ నుంచి ఒకే తెర మీద రెండు బాణాలు వేర్వేరుగా తిరగగలవు.

ఇప్పుడు మన ఇళ్లకి వద్దాం. ఇంట్లో కంప్యూటర్ ఒకటే ఉంటే అది ఎవరి టేబుల్ మీద ఉంటుంది? ఎక్కువ ఇళ్లల్లో కొడుకు టేబుల్ మీదే. కూతురికి పరీక్ష ఫారం నింపుకోవాలంటే భాయ్ ఖాళీగా ఉండాలి. అమ్మీకి రేషన్ కార్డు పని ఉంటే కొడుకునో, ఇంటర్నెట్ సెంటర్ కుర్రాణ్నో బతిమాలాలి. పాస్‌వర్డూ ఆధార్ నంబరూ వాడి చేతిలో పెట్టాలి. అమ్మీకి చదువు రాక కాదు. జాబితాలు ఆమె భాషలో లేవు, ఆమె రోజూ చేసే పనులు వాటిలో లేవు, బటన్ ఒకటి తప్పు నొక్కితే ఏదో పాడవుతుందని ఎవరో భయపెట్టారు.

లైనక్స్‌లో ఇంట్లో ఒక్కొక్కరికీ వేరే ఖాతా ఉంటుంది. ఖాతాకొక సెట్టింగుల ఫైలు. అమ్మీ ఖాతా తెరిస్తే ఆమె జాబితా, కూతురు ఖాతా తెరిస్తే ఆమె జాబితా. ఒకే కంప్యూటర్, ఒకే మౌస్, కానీ ఎవరి బోదె వాళ్లది. కంప్యూటర్లు తక్కువ, మనుషులు ఎక్కువ ఉండే రోజుల్లో యూనిక్స్ పుట్టింది కాబట్టి ఈ ఏర్పాటు దాని ఎముకల్లోనే ఉంది. మన ఇళ్ల హాలత్ కూడా అదే.

ఎడమ చేతి వాటం ఉన్న పిల్లల సంగతి కూడా చెప్పాలి. దస్తర్‌ఖాన్ దగ్గర కుడి చేత్తో తినడం మన అదబ్. అది వేరు. మౌస్ పట్టుకోవడం వేరు. ఎడమ చెయ్యి చురుగ్గా ఉన్న బిడ్డని కుడి చేత్తోనే మౌస్ పట్టుకోమని గదమాయించక్కర్లేదు. ఎక్స్‌లో బటన్ల వరస ఒకటి, రెండు, మూడు అని ఉంటుంది. దాన్ని మూడు, రెండు, ఒకటి అని ఒక్క వాక్యంలో తిరగరాస్తే చాలు. విండోస్‌లోనూ బటన్లు మార్చుకునే సెట్టింగు ఉంది.

తీసేసిన సెట్టింగులు, తిరిగొచ్చిన సెట్టింగులు

ఇఖ్తియార్ ఎప్పుడూ పెరుగుతూనే పోదు. 2002లో గ్నోమ్ రెండో రూపం వచ్చినప్పుడు సెట్టింగులు చాలా తగ్గించేశారు. ప్రతి సెట్టింగుకీ ఒక ఖర్చు ఉంటుందని, అన్నీ పెడుతూ పోతే ఏదీ సరిగ్గా పనిచెయ్యదని హావక్ పెన్నింగ్టన్ వాదించాడు. ఆ మాటలో దమ్ముంది. నలభై సెట్టింగులున్న పేజీ చూసి బెదిరిపోని అమ్మీ ఎవరు? అయితే 2011లో గ్నోమ్ మూడు, కిటికీని దాచే గుర్తుని, పెద్దది చేసే గుర్తుని కూడా మొదట కనపడకుండా తీసేసింది. అది నచ్చక అదే ఏడాది అర్జెంటీనాకి చెందిన ఒక ప్రోగ్రామర్ పాత గ్నోమ్‌ని బతికించి మేట్ అని పేరు పెట్టాడు. కోడు అందరి ముందూ తెరిచి ఉండబట్టే అది సాధ్యమైంది. తాళం వేసిన ప్రోగ్రాం అయితే రుసరుసలాడి ఊరుకోవాలి.

ఇప్పుడు ఎక్స్ కూడా ముసలిదైంది. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ వేలాండ్ మొదలుపెట్టాడు. అందులో గీసే పని, కిటికీలు సర్దే పని ఒకే ప్రోగ్రాంలో కలిసిపోయాయి. అంటే ఆనకట్టా బోదే ఒక్కచోటికి వచ్చాయి. భద్రత పెరిగింది, ఎందుకంటే ఎక్స్‌లో ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంలో మనం కొట్టే మీటల్ని వినగలిగేది. కానీ పాత మేనేజర్లు దాని మీద ఉన్నవి ఉన్నట్టు నడవవు. 2025లో రెడ్ హ్యాట్ పదో ఎంటర్‌ప్రైజ్ కూర్పులోంచి ఎక్స్ సర్వర్‌ని తీసేశారు.

పాత జాబితాలు పోయినట్టేనా? పోలేదు. లాబ్‌డబ్ల్యూసీ అనే కొత్త మేనేజర్ వేలాండ్ మీద నడుస్తూనే ఓపెన్‌బాక్స్ సెట్టింగుల భాషనే చదువుతుంది. 2024 అక్టోబర్ నుంచి రాస్‌ప్‌బెర్రీ పై కంప్యూటర్ల సిస్టం దాన్నే వాడుతోంది. అరచేతిలో పట్టే ఆ చవక కంప్యూటర్ మీద, పాతికేళ్ల కిందటి ఖాన్‌దాన్ కాయిదాలు ఇంకా బతికే ఉన్నాయి. ఆ ఫైలు ఎవరైనా చదవగలిగే మామూలు రాతలో ఉండటం వల్లే ఒక తరం నుంచి ఇంకో తరానికి అమానత్‌లా చేరింది.

ఇంట్లో ఏం చెయ్యొచ్చు

ఇదంతా చదివాక ఒక ఆదివారం పూట చేసే పని చెబుతాను. ఇంట్లో పాత కంప్యూటర్ ఏదైనా ఉంటే, ఓపెన్‌బాక్స్ ఉన్న తేలికపాటి లైనక్స్ ఏదైనా పెట్టండి. ముందు అమ్మీనో దాదీనో కూర్చోబెట్టి, మీకు కంప్యూటర్‌తో ఏ పనులు కావాలి అని అడగండి. జవాబు ఐదారు పనులకి మించదు. పిల్లలతో వీడియో కాల్, కరెంటు బిల్లు, ఫోటోలు, ఉర్దూ అఖ్‌బార్, తెలుగు పేపర్, కంప్యూటర్ ఆపెయ్యడం. ఆ వరసలోనే, వాళ్లు చెప్పిన మాటల్లోనే జాబితా రాయండి. సిస్టం, యుటిలిటీస్ లాంటి పేర్లొద్దు. అక్షరాలు పెద్దవి చెయ్యండి. ఏ బటన్ నొక్కినా అదే జాబితా వచ్చేలా ఎడమ, నడిమి, కుడి మూడింటికీ ఒకే కాయిదా రాయండి. తప్పు బటన్ అనేదే లేకుండా పోతుంది. ఒక్క బటన్ కోసం పట్టుబట్టిన టెస్లర్ కోరింది, మూడు బటన్లు ఇచ్చిన ఎంగెల్‌బార్ట్ కోరింది, రెండూ ఒక్క ఫైలులో తీరతాయి.

దిద్దే ముందు పాత ఫైలుకి ఒక నకలు తీసి పెట్టుకోండి. ఏదైనా తేడా వస్తే నకలు తిరిగి పెడితే చాలు, కంప్యూటర్‌కి ఏమీ కాదు. ఈ సంగతి ఇంట్లో ఆడపిల్లలకి ముందు చెప్పండి. ఆ ఫైలు దిద్దడం కూడా వాళ్లకే నేర్పండి. భాయ్ రాసిచ్చిన జాబితా కన్నా, తను రాసుకున్న జాబితా ఆ పిల్లకి ఎక్కువ కాలం పనికొస్తుంది. రేపు తన చెల్లికి రాసిపెట్టేదీ, అమ్మీ జాబితాలో ఏడో వరస చేర్చేదీ ఆ పిల్లే.

ఇన్‌షా అల్లా, వచ్చేసారి తెలుగు, ఉర్దూ కీబోర్డుల తవారీఖ్ చెప్పుకుందాం. ఖుదా హాఫిజ్.